ఓటమి మరునాటి తీర్పులు

ఏటా సంక్రాంతి దరిదాపుల్లో మెల్బోర్న్ నగరంలో టెన్నిస్ మహాపోటీల వరుస మొదలవుతుంది. మనకు రోహిణీకార్తె ఎండలు మండిపోయే రోజుల్లో పారిస్‌లో ఎఱ్ఱమట్టి మీద, ఆరుద్ర, పునర్వసు కార్తెల్లో వింబుల్డన్ పచ్చిక మీద, శ్రావణ భాద్రపదాలలో న్యూయార్క్ గట్టినేల మీద ఆ వరుస సాగుతుంది. కార్తీకం నాటికి ఏడాది ఆట ముగుస్తుంది. ఈ పదకొండు నెలలూ ఆటగాళ్లకైనా నడుమ విశ్రాంతి ఉంటుందేమో గాని, అభిమానుల వాదోపవాదాలకు విశ్రాంతి లేదు. ఉపాధ్యాయుల గదిలోనైనా, కళాశాల వసతిగృహంలోనైనా టెన్నిస్ ప్రసక్తి వచ్చినదంటే చివరికి తేలే ప్రశ్న ఒక్కటే: ఫలానావాడు ఫామ్‌లో ఉన్నాడా, లేడా?

ఈ ‘ఫామ్’ అనే మాటకు సరితూగే తెలుగు మాట మనవారు వెదకుకోలేదు. ఊపు, జోరు, పదును అనే మాటలున్నవి గాని, ఒక్కొక్కటీ అందులో ఒక్కొక్క ముక్కను మాత్రమే పట్టుకుంటుంది. కత్తికి పదునున్నదీ లేనిదీ కోయక ముందే వ్రేలితో తాకి తెలుసుకోవచ్చును. ఆటగాని ఫామ్‌ను అలా ముందుగా తాకి చూచే ఉపాయం లేదు. గెలిచిన తరువాత ఉన్నదంటాము. ఓడిన తరువాత పోయినదంటాము. ఎందుకు గెలిచినాడయ్యా అంటే ఫామ్‌లో ఉన్నాడు గనుక. ఫామ్‌లో ఉన్నాడని ఎలా తెలిసినదయ్యా అంటే గెలిచినాడు గనుక. తర్కం చదివిన మన పూర్వులు దీనికి అన్యోన్యాశ్రయ దోషమని పేరు పెట్టినారు. ఆ దోషం శాస్త్రచర్చలో వస్తే పండితులు నవ్వి ఊరుకునేవారు. ఇక్కడ అది ఒక మనిషి పనితనం మీదా, ఒక్కొక్కప్పుడు వ్యక్తిత్వం మీదా తీర్పుగా మారుతున్నది. నా అభ్యంతరమంతా అక్కడనే.

2025వ సంవత్సరం మహిళల ఆటనే చూడండి. పోలెండ్ దేశపు ఇగా ష్వియాంటెక్ పారిస్‌లో 2020లోనూ, 2022 మొదలు 2024 దాకా వరుసగా మూడేళ్లూ విజేత. 2024 జూన్‌లో అక్కడ గెలిచిన తరువాత ఏడాది గడిచినా ఆమెకు మరే టైటిలూ దక్కలేదు. 2025లో పారిస్ సెమీఫైనల్లో అరీనా సబలెంకా చేతిలో ఓడిపోయినది. ఆమె పని అయిపోయినదన్న మాట అప్పుడు ఎన్ని నోళ్లలో నలిగినదో చెప్పలేము. తన సొంత గడ్డ వంటి మట్టి మీదనే గెలవలేనిది, క్వార్టర్ ఫైనల్ దాటి ఎరుగని వింబుల్డన్ పచ్చిక మీద ఏమి గెలుస్తుందన్నారు. నెల తిరిగి వారమైనదో లేదో, ఆ పచ్చిక మీదనే ఆమె విజేత అయినది. ఫైనల్లో అమెరికా యువతి అమాండా అనిసిమోవాను 57 నిమిషాలలో 6-0, 6-0తో ఓడించినది.

ఇక తీర్పు అనిసిమోవా మీదికి మళ్లినది. అంతటి సభలో ఒక్క గేమైనా గెలవలేకపోయిన ఆ అమ్మాయి ఇక కోలుకోవడం కల్ల అని జాలిపడినవారు కొందరు, ఫైనల్‌కు రావడమే పొరపాటన్నవారు కొందరు. సెప్టెంబరు మొదటి వారంలో న్యూయార్క్ క్వార్టర్ ఫైనల్లో అదే అనిసిమోవా అదే ష్వియాంటెక్‌ను 6-4, 6-3తో ఓడించి, అక్కడ కూడా ఫైనల్ దాకా వెళ్లినది. నడుమ గడచిన కాలం రెండు నెలలైనా నిండలేదు. ఈ రెండు నెలలలో ఒకతె ప్రతిభ అడుగంటి, మరొకతె ప్రతిభ ఆకాశమంటినదా? నేల మారినది. బంతి లేచే ఎత్తు మారినది. ఒకనాడు పడని సర్వీసు మరొకనాడు పడినది. బెదిరిన గుండె కుదుటపడినది. వీటన్నింటినీ మూటగట్టి మనం ఫామ్ అని ఒక్క మాట అంటున్నాము.

ఈ మూట ఎంత తేలికైనదో రోజర్ ఫెదరర్ చెప్పిన లెక్క వలన తెలుస్తుంది. 2024 జూన్‌లో అమెరికాలోని డార్ట్‌మత్ కళాశాల స్నాతకోత్సవంలో అతడు పట్టభద్రులను ఉద్దేశించి మాట్లాడినాడు. తాను ఆడిన 1526 సింగిల్స్ ఆటలలో దాదాపు నూటికి 80 గెలిచినాననీ, పాయింట్లలో మాత్రం నూటికి 54 మాత్రమే గెలిచినాననీ చెప్పినాడు. మన గణితం మాస్టర్లు ఈ రెండు సంఖ్యలను నల్లబల్ల మీద ప్రక్కప్రక్కన వ్రాసి పిల్లలకు చూపవలసినదే. నూటికి 46 పాయింట్లు ఓడిపోయిన మనిషిని లోకం మహావీరుడన్నది. అందులోనుంచి మరి రెండు మూడు పాయింట్లు జారితే చాలు, గెలిచే ఆటలు ఓడే ఆటలవుతవి, మరునాడు పత్రికలలో ‘ఫామ్ కోల్పోయినాడు’ అని వస్తుంది. నూటికి రెండు మూడు! చేతిలో చిన్న నొప్పికీ, ప్రయాణపు బడలికకూ, గాలివాటుకూ చెల్లిపోయే తేడా అది.

పాయింట్లు ఎక్కువ గెలిచినవాడే గెలుస్తాడన్న నియమం కూడా టెన్నిస్‌లో లేదు. 2019 వింబుల్డన్ ఫైనల్లో ఫెదరర్ 218 పాయింట్లు గెలిచినాడు, జోకోవిచ్ 204 గెలిచినాడు. కప్పు జోకోవిచ్‌ది. 2025 పారిస్ ఫైనల్లో యానిక్ సిన్నర్‌కు 193, కార్లోస్ అల్కరాజ్‌కు 192 వచ్చినవి. నాలుగవ సెట్లో సిన్నర్ మూడు పాయింట్లలో ఏ ఒక్కటి గెలిచినా పోటీ ముగిసేది. మూడూ చేజారినవి. అయిదు గంటల 29 నిమిషాల తరువాత అల్కరాజ్ గెలిచినాడు. ఈ దెబ్బతో సిన్నర్ మనస్సు విరిగిపోతుందని ఆ రాత్రే నిర్ణయించినవారున్నారు. సరిగా అయిదు వారాలకు వింబుల్డన్ ఫైనల్లో సిన్నర్ అదే అల్కరాజ్‌ను నాలుగు సెట్లలో ఓడించినాడు. దానితో ‘ఉక్కుగుండె’ అన్నారు. అంతకుముందు నాలుగవ రౌండులో గ్రిగోర్ దిమిత్రోవ్ ఇతనిపై రెండు సెట్లు గెలిచి ఉండగా, రొమ్ము కండరం దెబ్బతిని ఆట విరమించుకోవలసివచ్చినది. ఆ కండరం మరి కొంతసేపు నిలిచి ఉంటే ఉక్కుగుండె ఏమయ్యేదో!

ర్యాంకుల పట్టిక చూచి ఫామ్‌ను నిర్ణయించేవారు మరొక తెగ. ఆ పట్టిక గడచిన 52 వారాల పాయింట్ల మొత్తం. ఆ వారం పదును తెలిపే కొలబద్ద కానే కాదు. నిరుడు ఈ వారం సంపాదించినవి ఈ ఏడు ఇదే వారం రాలిపోతవి, వాటి స్థానంలో క్రొత్తవి చేరవలె. 2022లో వింబుల్డన్ నిర్వాహకులు రష్యా, బెలారస్ క్రీడాకారులను రానీయలేదు. అందుకు ప్రతిగా క్రీడాకారుల సంఘాలు ఆ పోటీకి పాయింట్లు లేకుండా చేసినవి. జోకోవిచ్ ఆ ఏడు విజేత అయినాడు. నిరుటి పాయింట్లు 2000 పోయినవి, క్రొత్తవి రాలేదు. కప్పు చేత బట్టుకొని ఇంటికి పోయేసరికి మూడవ ర్యాంకునుంచి ఏడవ ర్యాంకుకు దిగినాడు.

ఇంత మాత్రాన అభిమానుల మాట ఎల్లప్పుడూ తప్పని నేననను. శరీరానికి వయస్సున్నది. 2021 వింబుల్డన్ క్వార్టర్ ఫైనల్లో ఫెదరర్ చివరి సెట్టు 6-0తో హుర్కాచ్‌కు అప్పగించినప్పుడు, ఇక ఇంతేనన్నవారి మాట నిజమయినది. అతడు మరి సింగిల్స్ ఆడలేదు. కాని పీట్ సాంప్రాస్ కథ మాత్రం రెండు పక్షాలవారినీ తికమక పెడుతుంది. 2000 వింబుల్డన్ తరువాత రెండేళ్లకు పైగా అతడు ఒక్క టైటిలైనా గెలవలేదు. 2002 వింబుల్డన్ రెండవ రౌండులో 145వ ర్యాంకు ఆటగాడు జార్జ్ బాస్ట్ల్ చేతిలో ఓడినాడు. ఏడుసార్లు విజేత అయిన చోట, ప్రధాన మైదానంలో గాక ప్రక్క మైదానంలో జరిగిన ఓటమి అది. అందరూ విరమించుకొమ్మన్నారు. ఆ సెప్టెంబరులో న్యూయార్క్‌లో 17వ సీడుగా దిగి, ఫైనల్లో ఆగసీని ఓడించి పదునాలుగవ మహాటైటిలు గెలిచినాడు. ఆ తరువాత అతడు ఒక్క ఆటైనా ఆడలేదు. మరుసటి ఏడు లాంఛనంగా సెలవు తీసుకున్నాడు. అతని పని అయిపోయినదన్నవారు చెప్పినది నిజమే. కాలేదన్నవారు చెప్పినదీ నిజమే. జూన్‌లో ఓడినవాడూ, సెప్టెంబరులో గెలిచినవాడూ, మరి రాకెట్ పట్టనివాడూ ఒక్కడే. అతనిని ‘ఫామ్’ అనే ఒక్క గడిలో ఇమడ్చడం ఎవరి తరం?

మన ఊళ్లలో ఈ చర్చకు ఎక్కువగా గురి అయినది హైదరాబాదులో పెరిగిన సానియా మీర్జా. 2005 ఫిబ్రవరిలో హైదరాబాదులోనే టైటిలు గెలిచినది. 2007లో సింగిల్స్‌లో 27వ ర్యాంకు అందుకున్నది. అంతకు మించి ఏ భారతీయ వనితా ఎదగలేదు. ఆపైన ర్యాంకు దిగినప్పుడల్లా మన పెద్దలలో వినవచ్చిన వ్యాఖ్యానాలు ఆమె దుస్తులను గురించీ, వాణిజ్య ప్రకటనలను గురించీ, పేరు తలకెక్కడాన్ని గురించీ. 2008లో ఆమె కుడి మణికట్టుకు శస్త్రచికిత్స జరిగినదన్న సంగతి జ్ఞాపకముంచుకున్నవారు తక్కువ. 2013లో సింగిల్స్ మాని డబుల్స్‌కు పరిమితమైనది. 2015 ఏప్రిల్‌లో డబుల్స్‌లో ప్రపంచంలో మొదటి స్థానం పొందినది. ఆ ఏడే మార్టినా హింగిస్‌తో కలిసి వింబుల్డన్ గెలిచినది. ఆ జంట తరువాత వరుసగా 41 ఆటలు గెలిచినది. పేరు తలకెక్కినదన్నవారు ఈ 41 ఆటలకు ఏమి కారణం చెపుతారో వినవలెనని నాకు చాలా కాలంగా కోరిక.

సంగీత కచేరీలో విద్వాంసుని గాత్రం ఒకనాడు పలకకపోతే, రసికులు ‘ఈ రోజు గొంతు సహకరించలేదు’ అంటారు. విద్య పోయినదనరు. ఆ మర్యాద ఆటగానికి మనమెందుకివ్వము? ఆటలో గెలుపోటములు అంకెలలో తేలుతవి గనుక, అంకె చూచినవాడికల్లా న్యాయాధిపతి పీఠం దొరికినట్లు తోస్తుంది కాబోలు. దాని ఫలితం నవ్వులాట కాదు. 2021లో నవోమి ఒసాకా పత్రికా సమావేశాలకు రానన్నందుకు 15,000 డాలర్ల జరిమానా వేసినారు. ఆమె తన మానసిక వేదనను బయటపెట్టి పారిస్ పోటీనుంచి తప్పుకున్నది. 2024లో న్యూయార్క్ మొదటి రౌండులో ఓడిన ఫ్రాన్స్ క్రీడాకారిణి కరోలిన్ గార్సియా, తనకు వచ్చిపడిన దూషణలలో కొన్నిటిని లోకానికి చూపించినది. అవి చదివినవారికి అన్నం సహించదు. పందెం డబ్బు పోగొట్టుకున్నవారు ఇటువంటి దూషణలకు పెద్ద మూలం. పందెం కాయని మర్యాదస్థులు అంత దూరం పోరు. కాని ‘గుండె లేదు, కసి లేదు’ అన్న మాటలను వాడుకలోకి తెచ్చి పెట్టినది మర్యాదస్థులే.

ఉపాధ్యాయులకు ఈ ధోరణి క్రొత్తది కాదు. త్రైమాసిక పరీక్షలో 70 తెచ్చుకున్న పిల్లవాడు అర్ధసంవత్సర పరీక్షలో 58 తెచ్చుకుంటే ‘శ్రద్ధ తగ్గినది’ అని ఎఱ్ఱసిరాతో వ్రాయడం ఎంత సులభం! ప్రశ్నపత్రం మారినదా, ఆ వారం ఇంట్లో జబ్బులా అని అడగడానికి తీరిక కావలె. నూరు మార్కులలో పన్నెండు తేడాకు ఒక కారణమే ఉంటుందని మనం ఎలా నమ్ముతామో, ఆ నమ్మకంతోనే సాయంకాలం టెన్నిస్ కూడా చూస్తాము.

టెన్నిస్ మీద ఆసక్తి గల పిల్లలున్న పాఠశాలలకు ఒక్క సూచన. జనవరిలో ఒక నోటుపుస్తకం తీయించండి. ఎవరి ఫామ్‌ను గురించి ఏమనుకుంటున్నారో, ఎందుకనుకుంటున్నారో తేదీ వేసి వ్రాయమనండి. ఏ నేల మీది ఆట, ఎదుట ఉన్నది ఎవరు, మొదటి సర్వీసు ఎన్నిసార్లు పడినది, ముఖ్యమైన పాయింట్లు ఎన్ని దక్కినవి, ఒంట్లో నొప్పి ఏమైనా ఉన్నదా అన్న గళ్లు గీయించండి. రామనాథన్ కృష్ణన్ 1960లోనూ 1961లోనూ వింబుల్డన్ సెమీఫైనల్లో ఓడినాడని మాత్రమే వ్రాస్తే అది సగం సమాచారం. మొదటిసారి నీల్ ఫ్రేజర్ చేతిలో, రెండవసారి రాడ్ లేవర్ చేతిలో ఓడినాడనీ, ఆ ఇద్దరే ఆయా సంవత్సరాలలో విజేతలయినారనీ ప్రక్క గడిలో చేరితేనే అది పూర్తి అవుతుంది. కార్తీకంలో ఆట ముగిసిన తరువాత ఆ పుస్తకం తరగతిలో చదివించండి. అందులో ఎఱ్ఱసిరా మాత్రం వాడవద్దు.