అటకా, పోపులపెట్టా?

ఆవాల కోసం అటక ఎక్కే ఇల్లాలు లేదు. పెళ్ళి గంగాళాన్ని పొయ్యి పక్కన పెట్టుకునే ఇల్లాలూ లేదు. ఏ వస్తువు ఎన్నిసార్లు చేతికి కావాలో దాన్నిబట్టే దాని చోటు. కంప్యూటరు కుర్రాళ్ళకు ఈ సంగతి చెప్పవలసి వస్తుందని మాత్రం నేననుకోలేదు.

మా కాలేజీ విద్యార్థులు కొందరు లైబ్రరీలోని పాత వారపత్రికల పుటలకు ఫోటోలు తీసి, అందరూ చదువుకునేలా ఒక అప్లికేషను తయారుచేస్తున్నారు. ఆ ఫోటోలను క్లౌడ్‌లో ఏ రకం జాగాలో దాచాలన్న దగ్గర తగువు వచ్చింది. తెలుగు మేష్టారికి ఇందులో పనేమిటంటారా? పుటలు ఏరి ఇచ్చింది నేను. అవి ఎక్కడికి చేరుతున్నాయో నాకు తెలియవద్దూ?

క్లౌడ్ అన్నారని ఆకాశంకేసి చూడకండి. ఏదో ఊళ్ళో, గోడలూ తలుపులూ ఉన్న భవనంలో, మనకు అద్దెకిచ్చే డిస్కులే అవి. ఒక కుర్రాడు బ్లాక్ స్టోరేజి కావాలన్నాడు. అది సర్వర్‌కు తగిలించిన డిస్కు వంటిది, బహు చురుకైనది. ఎక్కడి అక్షరాన్ని అక్కడే దిద్దుకోవచ్చు. పాఠకుల పేర్లు, పుటల పట్టిక ఉండే డేటాబేసుకు అదే తగును. అయితే ఎంత జాగా కావాలో ముందే చెప్పి, సగం ఖాళీగా ఉన్నా మొత్తానికీ అద్దె కట్టాలి. పది సర్వర్లు ఒకే ఫోల్డర్లను పంచుకోవాలంటే ఫైల్ స్టోరేజి ఉంది. మా పనికి దానితో అవసరం లేదు.

ఫోటోలకు తగినది ఆబ్జెక్ట్ స్టోరేజి. అమెజాన్ వారు 2006లో ఎస్‌3 అనే పేరుతో తెచ్చింది ఇదే. ప్రతి వస్తువుకూ ఒక పేరు తగిలిస్తారు. ఆ పేరు చెప్పి తెప్పించుకుంటాం. మధ్యలో ఒక్క అక్షరం దిద్దాలన్నా సాధారణంగా మొత్తం మళ్ళీ పెట్టవలసిందే. పోనీండి, పాత పుటను ఎవరు దిద్దుతారు? వాడుకున్న జాగాకే అద్దె గనుక మాబోటి వాళ్ళకు నయం.

ఇందులోనే ఇంకా చవక రకం ఉంది. ఎస్‌3 గ్లేసియర్ డీప్ ఆర్కైవ్‌లో అద్దె బహు స్వల్పం. కాని అడిగిన వస్తువు చేతికి రావడానికి 12 గంటలు పట్టవచ్చు, తీసినందుకు వేరే రుసుము, 180 రోజులలోపు తీసేసినా ఆ 180 రోజులకూ అద్దె. అటక ఎక్కినప్పుడల్లా నిచ్చెనకు కూలి అన్నమాట! పెద్ద సైజు అసలు ఫోటోలు అక్కడ ఉండవచ్చు. జనం చదివే ప్రతులు కూడదు.

అద్దెలకంటే నన్ను భయపెట్టింది మరొకటి. 2025 సెప్టెంబరు 26న దక్షిణ కొరియాలోని డేజాన్ నగరంలో ప్రభుత్వ కంప్యూటరు కేంద్రం అంటుకుంది. ఉద్యోగులు ఫైళ్ళు దాచుకునే జి-డ్రైవ్‌లోని 858 టెరాబైట్లూ కాలిపోయాయి. మరీ పెద్దదని రెండో ప్రతి బయట ఉంచలేదట! ఎస్‌3 మామూలు తరగతిలోని వస్తువు ఒకే ప్రాంతంలోనైనా, కనీసం మూడు వేర్వేరు కేంద్ర సముదాయాలలో ఉంటుంది. అగ్నికి అది చాలునేమో గాని, మన చేతివాటానికి చాలదు సుమండీ: మనం చెరిపేస్తే అన్నిచోట్లా చెరిగిపోతుంది. పాత ప్రతులు నిలిపి ఉంచే వెర్షనింగ్‌ను మనమే అడిగి పెట్టించుకోవాలి.

ఆ ఏర్పాటు చేయించాను. మరో ప్రతిని హార్డ్ డిస్కులో ఎక్కించి లైబ్రరీ బీరువాలో పెట్టించాను. ఈ కుర్రాళ్ళు పరీక్షలు ప్యాసయి వెళ్ళిపోయాక నెలనెలా అద్దె ఎవరు కడతారన్నది మాత్రం ఇంకా తేలలేదు.