కుందేలు పిల్లలు, తల్లి బెంగ, దిష్టి

కుందేలు పిల్లను పాలు మాన్పించి తల్లి నుంచి ఎప్పుడు వేరుచేయాలో తేల్చేది పిల్ల పేగు. పెంచేవాళ్ళ ఇళ్ళల్లో మాత్రం ఆ సంగతిని నమ్మకాలు తేలుస్తుంటాయి. తల్లి రోజంతా గూట్లో కూర్చోకపోతే పిల్లల్ని వదిలేసిందంటారు. మనిషి చెయ్యి తగిలితే తల్లి పిల్లల్ని తినేస్తుందంటారు. కళ్ళు తెరిచిన పిల్లకు ఇక తల్లితో పనిలేదంటారు. వేరుచేసిన పిల్ల పది రోజుల్లో చనిపోతే బెంగ పెట్టుకుందనో, దిష్టి తగిలిందనో సరిపెట్టుకుంటారు. ఆవునూ మనిషి తల్లినీ కొలబద్దగా పట్టుకుని కుందేలును కొలవడం వల్ల పుట్టిన మాటలే ఇందులో ఎక్కువ.

కుందేలు చూలు సుమారు 31 రోజులు. పిల్లలు కళ్ళు తెరవకుండా, ఒంటిమీద బొచ్చు లేకుండా పుడతాయి. ఈనేముందు తల్లి తన పొట్ట కింది బొచ్చు పీకి గూట్లో పరుస్తుంది. ఈనాక రోజుకు ఒక్కసారి, ఎక్కువగా రాత్రిపూటో తెల్లవారుజామునో, గూట్లోకి వచ్చి మూడు నుంచి ఐదు నిమిషాలు పాలిచ్చి వెళ్ళిపోతుంది. 1965లోనే అమెరికా పరిశోధకులు ఈ అలవాటును నమోదుచేశారు. ఐరోపా అడవి కుందేలైతే పాలిచ్చి వచ్చాక బొరియ నోటిని మట్టితో మూసేసి, మర్నాడు మళ్ళీ తవ్వి లోపలికి వెళ్తుంది. తల్లి వాసనా రాకపోకలూ నక్కకు దారి చూపకుండా ఉండాలంటే తల్లి గూటికి దూరంగా ఉండటమే మేలు. వదిలేసినట్టు కనిపించేది నిజానికి కాపలా.

తల్లి పాలిచ్చిందా లేదా అన్నది పొద్దున్నే పిల్లను చేతిలోకి తీసుకుంటే తెలిసిపోతుంది. పాలు తాగిన పిల్ల పొట్ట గుండ్రంగా, బిగువుగా ఉంటుంది. పల్చని చర్మం కిందనుంచి తెల్లటి పాలముద్ద కనిపిస్తుంది. తాగని పిల్ల చర్మం ముడతలు పడి ఉంటుంది. వేలు తగలగానే చన్ను వెతుక్కుంటూ ఎగిరెగిరి పడుతుంది. ఈ రెండు గుర్తులు చూడకుండా తల్లిని నిందించి, అనాథలనుకుని పిల్లల్ని తెచ్చి దూదితో ఆవుపాలు పట్టడం వాటి ప్రాణం మీదికి తెస్తుంది. కుందేలు పాలలో కొవ్వు నూటికి 12 పాళ్ళకు పైనే ఉంటుంది, మాంసకృత్తులు కూడా దాదాపు అంతే ఉంటాయి. ఆవుపాలలో ఇవి నాలుగు పాళ్ళు, మూడు పాళ్ళకు కాస్త అటూఇటూ. పాలచక్కెర మాత్రం కుందేలు పాలలో ఆవుపాలకన్నా బాగా తక్కువ. అనాథలనుకుని పిల్లల్ని ఎత్తుకొచ్చే ఈ ఆపద మన చేలల్లో తిరిగే చెవులపిల్లికీ ఉంది. దాని పిల్లలు బొచ్చుతో, తెరిచిన కళ్ళతో పుట్టి, గడ్డిలో కదలకుండా పడుకుంటాయి. తల్లి చీకటిపడే వేళ వచ్చి పాలిచ్చిపోతుంది. పగలు ఒంటరిగా కనబడ్డాయని జాలిపడి ఇంటికి తెచ్చేవాళ్ళు ఉన్న తల్లిని లేకుండా చేస్తున్నారు. పైగా ఆ జంతువుకు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం రక్షణ ఉంది.

మనిషి చెయ్యి తగిలితే తల్లి తినేస్తుందన్న మాటలో కొంత నిజం ఉంది గానీ కారణం వాసన కాదు. తొలిచూలు కుందేలు, ఈనే సమయంలో కుక్కకో చప్పుడుకో బెదిరిన కుందేలు, నీళ్ళు చాలని కుందేలు పిల్లల్ని కొరకడం, తినడం జరుగుతుంది. చచ్చి పుట్టిన పిల్లను మావితోపాటు తినేయడం కూడా మామూలే. అయితే కుందేళ్ళ ఫారాల్లో రోజూ గూళ్ళు తడిమి చచ్చిన పిల్లల్ని తీసేస్తారు. తల్లికి సాధారణంగా ఎనిమిది నుంచి పది చన్నులే ఉంటాయి కాబట్టి, ఎక్కువ ఈనిన తల్లి పిల్లల్ని తొలి రెండు మూడు రోజుల్లోనే తక్కువ ఈనిన తల్లి గూట్లో కలుపుతారు. ఆ తల్లి వాటికీ పాలిస్తుంది. మనిషి వాసనే విషమైతే ఈ పద్ధతి ఒక్క రోజు కూడా సాగేది కాదు. చన్ను దొరకబుచ్చుకోవడానికి మాత్రం పిల్లకు వాసన కావాలి. పాలలో ఉండే ఒక వాసన పదార్థమే కళ్ళు తెరవని పిల్లను చన్ను దగ్గరికి చేరుస్తుందని ఫ్రెంచి శాస్త్రజ్ఞులు 2003లో గుర్తించారు.

పాలు మాన్పించే వయసు దగ్గరికి వస్తే, ఇక్కడి నమ్మకాలు ఇంకా ఎక్కువ నష్టం చేస్తాయి. పిల్ల కళ్ళు తెరిచేది 10 నుంచి 12 రోజులకు. గూటి బయటికి వచ్చి దాణా కొరకడం మొదలెట్టేది సుమారు 18 రోజులకు. ఈ రెండూ చూసి పిల్ల ఎదిగిపోయిందనుకుంటారు. నగరాల సంతల్లో మూడు, నాలుగు వారాల పిల్లల్ని అరచేతిలో ఇమిడేంత ముద్దుగా ఉన్నాయని అమ్మేయడానికి ఈ అపోహే ఆసరా. కానీ కొరకడం వేరు, అరిగించుకోవడం వేరు. పాలు తాగే పిల్ల కడుపులో ఆమ్లం చాలా తక్కువ. పాలకొవ్వు నుంచి కడుపులో తయారయ్యే కొన్ని ఆమ్లాలే అక్కడ సూక్ష్మజీవులు పెరగకుండా చూస్తాయి. పాలు తగ్గేకొద్దీ ఆ రక్షణ పోతుంది, కడుపులో ఆమ్లం క్రమంగా పెరుగుతుంది. అదే సమయంలో పెద్దపేగు మొదట్లో ఉండే అంధనాళమనే సంచిలో పీచును పులియబెట్టే మంచి సూక్ష్మజీవులు కాపురం పెట్టాలి. తల్లి గూట్లో వదిలే పెంటికల్ని పిల్లలు కొరుకుతాయి. నాలుగో వారం నాటికి తమ మెత్తని పెంటికల్ని తామే తినడం మొదలెడతాయి. చూసేవాళ్ళకు అసహ్యమనిపించే ఈ పనితోనే అంధనాళం నిలదొక్కుకుంటుంది. పాత రక్షణ పోయి కొత్తది కుదురుకోని ఆ రెండు మూడు వారాల్లో పిల్లను తల్లి నుంచి తప్పించి, బియ్యప్పిండో బిస్కట్లో పెడితే పిండిపదార్థం అరగక అంధనాళానికి చేరి క్లాస్ట్రీడియం జాతి సూక్ష్మజీవులకు మేత అవుతుంది.

బెంగ, దిష్టి అనే మాటలు ఇక్కడే పుడతాయి. పిల్ల మూలకు ముడుచుకుని కూర్చుంటుంది, పళ్ళు కొరుకుతుంది, పొట్ట ఉబ్బుతుంది, తోక కింద తడిసి జిగురులాంటి విరేచనం అంటుకుంటుంది. ఒకటి రెండు రోజుల్లో చనిపోతుంది. తల్లి కోసం ఏడ్చి ఏడ్చి పోయిందని ఇంట్లో అనుకుంటారు. మరొకరు మెడలో నల్లదారం కట్టి, ఉప్పూ మిరపకాయలూ దిగదుడుస్తారు. ఇవి పేగు జబ్బు లక్షణాలు. నాలుగు నుంచి ఎనిమిది వారాల వయసులో కోక్సిడియా అనే పరాన్నజీవి కూడా ఇదే రూపంలో చంపుతుంది. తల్లి నుంచి వేరుచేయడం పిల్లను కలవరపెట్టే మాట నిజమే. కలవరపడిన పిల్ల మేత తగ్గిస్తుంది, మేత తగ్గితే పేగు కదలిక మందగిస్తుంది. అంత దూరం వరకు బెంగ అన్న మాటకు అర్థముంది. కానీ బెంగ అని పేరు పెట్టి ఊరుకుంటే మేత మార్చరు, గూడు కడగరు, పెంటిక పరీక్ష చేయించరు. ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మాత్ర పొడిచేసి మింగించడం ఇంకో ప్రమాదం. నోటిద్వారా ఇచ్చిన ఆ మందు అంధనాళంలోని మంచి సూక్ష్మజీవుల్ని చంపి కుందేలును బలిగొంటుంది.

తల్లీబిడ్డల్ని విడదీస్తే పాపం తగులుతుందన్న సంకోచానికి కుందేలు బతుకులో ఆధారం లేదు. తల్లికి పాలు మూడో వారానికి గరిష్ఠస్థాయికి చేరి తర్వాత తగ్గిపోతాయి. ఈనిన రోజే మళ్ళీ చూలు కట్టగలదు గనుక, అడవిలో తల్లి నాలుగో వారానికి పిల్లల్ని వదిలి కొత్త కాన్పుకు కొత్త గూడు సిద్ధం చేసుకుంటుంది. మగ కుందేలును అదే పంజరంలో ఉంచితే, మొదటి పిల్లలకు నెల నిండేసరికి రెండో ఈత గూట్లో ఉంటుంది. మంగళ, శుక్రవారాల్లో జీవాన్ని గడప దాటించకూడదన్న ఆచారం వల్ల ఒకటి రెండు రోజులు ఆలస్యమైతే పిల్లకు నష్టం లేదు. వర్జ్యం ముంచుకొస్తుందని ముందే పంపడం వల్లే నష్టం. ఒకే ఈతలో బలహీనమైన పిల్లకు ఇంకో వారం తల్లి పాలు అవసరమని పంచాంగం చెప్పదు, తూకం చెబుతుంది.

తోడబుట్టినవి కదా, కలిపి ఉంచితే ఏమవుతుందన్నది మరో నమ్మకం. వావివరసలు మనుషులు పెట్టుకున్న కట్టుబాట్లు. చిన్న జాతుల్లో మూడున్నర, నాలుగు నెలలకే అన్నాచెల్లెళ్ళు జతకట్టి చూలు కట్టగలవు. అందుకే 10 నుంచి 12 వారాల మధ్య ఆడామగా చూసి విడిగా ఉంచాలి.

నమ్మకం నిరక్షరాస్యులదేననుకోవడమూ పొరపాటే. తల్లి గర్భం నుంచి కోసి తీసిన లేదా పాలు తాగుతుండగానే చన్ను నుంచి లాగేసిన కుందేలు పిల్లల్ని ఇష్టంగా తినేవారని ప్రాచీన రోమన్ రచయిత ప్లినీ రాశాడు. 600 ప్రాంతంలో పోప్ గ్రెగరీ ఆ పిల్లల్ని మాంసం కింద లెక్కించనక్కర్లేదని ఉత్తర్విచ్చాడనీ, దాంతో ఉపవాస దినాల్లో తినడానికి మఠవాసులు కుందేళ్ళను మచ్చిక చేశారనీ శాస్త్ర గ్రంథాలు కూడా ఏళ్ళ తరబడి రాశాయి. ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు 2018లో మూలాలు వెతికితే అలాంటి ఉత్తర్వే కనబడలేదు. టూర్ నగరానికి చెందిన మరో గ్రెగరీ, ఉపవాసాల్లో కుందేలు పిల్లల్ని తిన్న ఒక అధికారి గురించి రాసిన ముక్క చేతులు మారి పోప్ ఉత్తర్వుగా స్థిరపడింది.

ఫారాల్లో పిల్లల్ని సాధారణంగా 28 నుంచి 42 రోజుల మధ్య వేరుచేస్తారు. ఇంట్లో పెంచుకోవడానికి ఇచ్చే పిల్ల ఎనిమిది వారాలు తల్లిదగ్గరో, తోడుపిల్లలతోనో ఉండటం మేలు. వేరుచేసేటప్పుడు పిల్లల్ని కదపకుండా తల్లిని వేరే పంజరానికి మార్చాలి. తెలిసిన చోటు, తెలిసిన తోడు ఉంటే కలవరం తగ్గుతుంది. తల్లికి రెండు మూడు రోజులు దాణా తగ్గిస్తే పాలు ఎండిపోతాయి, పొదుగువాపు రాదు. పిల్లలకు ఎండుగడ్డి, శుభ్రమైన నీళ్ళు ఎప్పుడూ అందుబాటులో ఉండాలి. కొత్త ఇంటికి పంపితే పాత దాణా కొంత వెంట ఇచ్చి, వారం పాటు కొత్తదానితో కలిపి పెట్టాలి. పిల్ల మేత తింటూ, బరువు పెరుగుతూ, గట్టి గుండ్రటి పెంటికలు వేస్తుంటే దాన్ని తల్లినుంచి వేరుచేయవచ్చు.