‘మండలాధీశుడు’ ఎవరిని చూసి నవ్వింది?

1987లో ‘మండలాధీశుడు’ విడుదలయ్యేనాటికి ఎన్.టి. రామారావు ముఖ్యమంత్రిగా ఉన్నారు. నల్లగొండ జిల్లా తుంగతుర్తిలో పుట్టిన డాక్టర్ ఎం. ప్రభాకరరెడ్డి తీసిన ఆ సినిమాలో కోట శ్రీనివాసరావు ఆయన వేషాన్ని, మాట తీరును తెరకెక్కించారు. జనం రాముడిగా, కృష్ణుడిగా కొలిచిన మనిషిని, అదీ అధికారంలో ఉండగానే, నవ్వులపాలు చేయడం తక్కువ సాహసం కాదు. ఆ వేషం వేసినందుకు విజయవాడ రైల్వే స్టేషన్లో అభిమానులు తనను కొట్టారని కోట తరువాత చెప్పుకున్నారు. అలాంటి దాడిని మనం ఏ పార్టీ చేసినా ఖండించాల్సిందే.

కానీ ఆ నవ్వు వేషం దగ్గరే ఆగిపోయింది. పాలకుడి బట్టలనూ గొంతునూ అనుకరిస్తే ఆ మనిషి పలచబడతాడు గానీ పాలన కాదు. నిజానికి వ్యంగ్యానికి సరుకు ఆ పాలనలోనే ఉంది. ఆడపిల్లకు ఆస్తిలో సమాన వాటా అని 1986లో చట్టం చేశారు. దానికి ఎంత చప్పట్లు! కానీ 1985 సెప్టెంబర్ 5కు ముందు పెళ్ళయిన కూతురికి అది వర్తించదు. ఒకే తల్లి కడుపున పుట్టిన అక్కకు లేని హక్కు, పెళ్ళికాని చెల్లెలికి ఉంటుంది. ఇంతకంటే పెద్ద జోకు ఏ రచయిత రాయగలడు? ఆ తేడా పోవడానికి 2005 కేంద్ర సవరణ దాకా ఆగాల్సి వచ్చింది.

ఇక మండలాల సంగతి. 1985లో మండలాలు ఏర్పడడంతో కట్టంగూర్ లాంటి ఊళ్ళకు ఆఫీసు దగ్గరైంది. తాలూకా కేంద్రం దాకా పోలేని ఆడవాళ్ళకు అది చిన్న మార్పు కాదు. ఎగతాళి చేసేవాళ్ళు దీన్ని లెక్కలోకి తీసుకోవాలి. అలాగే ఆఫీసు దగ్గరైనంత మాత్రాన అందులో ఆడమనిషి మాట చెల్లుతుందా అని కూడా అడగాలి. ముఖ్యమంత్రిని మండలాధీశుడన్నారు సరే, మండలంలోని అధీశుల మాటేమిటి?

వాళ్ళు ఇంకా ఉన్నారు. ఇప్పుడు తెలంగాణ స్థానిక సంస్థల్లో సగం సీట్లు మహిళలవి. గెలిచిన భార్య పక్కన కుర్చీ వేయించుకుని, ఆమె సంతకం చేయాల్సిన కాగితాలు ముందు తానే చదివే భర్తకు ఆ సినిమా పేరు అతికినట్టు సరిపోతుంది. అతని మీద తీయడానికి మేకప్ ఖర్చు కూడా ఉండదు. మనమే వీధినాటకంగా వేసుకోవచ్చు, ఆ ఆఫీసు ముందే.