త్రిత్వము చక్రవర్తి పెట్టిన సిద్ధాంతమా?



“అయ్యగారూ, త్రిత్వము అనే మాట బైబిల్లో లేదు కదా? దాన్ని కాన్‌స్టాంటైన్ చక్రవర్తి పెట్టాడంట కదా?” ఫోన్లో వీడియోలు చూసి మన యవ్వనస్థులు మమ్మల్ని ఇలా అడుగుతున్నారు. అడగడం తప్పు కాదు. ఇన్నాళ్లూ జవాబు నేర్పకపోవడం కాపరులమైన మా తప్పు.

ఐగుప్తులోని అలెక్సంద్రియ సంఘంలో అరియస్ అనే బోధకుడు ఉండేవాడు. కుమారుడు కూడా సృష్టింపబడినవాడే, ఆయన లేని సమయం ఒకటి ఉంది అని బోధించాడు. సంఘాలు చీలిపోతుంటే, క్రీ.శ. 325లో కాన్‌స్టాంటైన్ బిషప్పులను నైసియాకు పిలిపించాడు. సభను పిలిచింది చక్రవర్తే, నిజమే. అయితే అంతకు వందేళ్ల ముందే ఉత్తర ఆఫ్రికాలో తెర్తుల్లియన్ త్రిత్వము అనే మాటను లాటిన్‌లో వాడాడు. తండ్రి, కుమార, పరిశుద్ధాత్మల నామంలో బాప్తిస్మం అంతకంటే పాతది.

లేఖనంలోని మాటలన్నిటికీ అరియస్ పక్షంవారు తమ అర్థం చెప్పుకోగలిగారు. అందుకే కుమారుడు తండ్రితో ఏకతత్వము గలవాడు అనే మాటను సభ విశ్వాస ప్రమాణంలో చేర్చింది. ఆ మాట బైబిల్లో లేదు. బైబిల్ అర్థం చెదరకుండా వేసిన కంచె అది.

ఇది చక్రవర్తి సిద్ధాంతమే అయితే, తర్వాత జరిగినదాన్ని ఏమనాలి? కాన్‌స్టాంటైన్‌కు చివరి రోజుల్లో బాప్తిస్మమిచ్చిన బిషప్పు అరియస్ పక్షంవాడే. కుమారుడైన కాన్‌స్టాంటియస్ కూడా ఆ పక్షాన్నే బలపరిచాడు. నైసియా విశ్వాసం కోసం నిలబడిన అతనాసియస్‌ను చక్రవర్తులు అయిదుసార్లు దేశబహిష్కరణ చేశారు. ఆయన సుమారు 17 ఏళ్లు తన సంఘానికి దూరంగా గడిపాడు. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ విశ్వాసాన్ని స్థిరపరచేనాటికి ఆయన ప్రభువునందు నిద్రించాడు.

అతనాసియస్ అంత పట్టుబట్టింది ఎందుకు? సృష్టింపబడినవాడు సృష్టిని రక్షించలేడు. యేసు దేవుడు కాకపోతే సిలువలో మనకు రక్షణ లేదు. సృష్టిని పూజించకూడదని చెప్పే మనం ప్రతి ఆదివారం ఆయన ముందు మోకరించడం కూడా విగ్రహారాధనే అవుతుంది.

కాబట్టి ఈ సంగతి పండితులకే అని వదిలేయవద్దని మా మనవి. ఈ వారం యోహాను 1వ అధ్యాయం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. సందేహాలుంటే ఆదివారం ఆరాధన తర్వాత అడగండి, కూర్చుని మాట్లాడుకుందాం.

త్రియేక దేవుని కృప మీకు తోడై యుండును గాక. ఆమేన్.