అందంగా ఉంటే చాలునా?

పెళ్ళిచూపులకు పంపిన ఫోటోలో పిల్ల ఛాయ కాస్త పెంచారని తెలిస్తే మనవాళ్ళు ఊరుకుంటారా? మధ్యవర్తిని నిలబెట్టి కడిగేస్తారు! అదే ఒక నది ఫోటోలో నీళ్ళకు నీలిమందు కలిపి, కొండలకు పచ్చరంగు పులిమి, పైన ఇంద్రధనుస్సు వేలాడదీస్తే మాత్రం "ఆహా, ఎంత బాగుందో!" అని పదిమందికీ పంచిపెడతారు. పిల్లకో న్యాయం, నదికో న్యాయమాండీ?

ఈ మధ్య మా బంధువుల ఫోన్లలో "మన నెల్లూరు సోమశిల అందాలు" అంటూ సరిగ్గా అలాంటి ఫోటో ఒకటి తిరుగుతోంది. సోమశిలలు రెండున్నాయి. పెన్న మీద, అనంతసాగరం దగ్గరున్నది మనది. కృష్ణ ఒడ్డున, తెలంగాణలో కొల్లాపూర్ దగ్గరున్నది ఇంకొకటి. ఫోటోలో ఉన్నది ఆ రెండోది. పైగా రంగులద్దినది!

"అందంగా ఉందిగా వదినా, ఏ సోమశిలైతేనేం?" అంది మా ఆడపడుచు.

ఏమంటే, ఫోటో వట్టి బొమ్మ కాదు, సాక్ష్యం. 2021 నవంబరులో చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగింది. ఆ వరదంతా పెన్నలో కలిసి సోమశిల మీదుగా కిందికి ఉరికింది. నెల్లూరు పక్కన పడుగుపాడు దగ్గర రైలుకట్టే కొట్టుకుపోయింది. అలాంటి రోజున ఎక్కడో అమెరికాలో ఉన్న కూతురు, సంగంలో ఉన్న అమ్మానాన్నల కోసం ఫోన్లో ఫోటోలు వెతుక్కుంటుంది. ఆమెకు ఏ ఊరిదో, ఏ ఏటిదో ఫోటో దొరికితే? అప్పుడూ "ఏదైతేనేం" అనగలమా?

ఇంతకన్నా పెద్ద నష్టం మరొకటుంది. 2025లో హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీ పక్కన, కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల నేలలో చెట్లు కొట్టించడం మొదలుపెట్టారు. జనానికి కడుపు మండింది. మండినవాళ్ళలో కొందరు బుల్డోజర్ల ముందు పరుగెత్తే జింకలను, ఏడ్చే నెమళ్ళను ఏఐ చేత గీయించి వదిలారు. ప్రభుత్వానికి కావలసిందీ అదే. దొంగ బొమ్మలతో జనాన్ని మోసం చేశారంది. నిజానికి అక్కడ జింకలూ ఉన్నాయి, నెమళ్ళూ ఉన్నాయి. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పని ఆపించిన నాడు, చూసివచ్చిన అధికారి నివేదికలో సుమారు 100 ఎకరాలు పాడయ్యాయనీ, నెమళ్ళూ జింకలూ కనబడ్డాయనీ ఉంది. మరి దొంగ జింక నిజం జింకకు చేసిన మేలేమిటి? దాని గోడు నమ్మేవాళ్ళు లేకుండా చేయడమే!

చీకటిగా పడిన ఫోటోను కాస్త వెలుగు చేస్తే నేను తప్పుపట్టను. స్టూడియోవాళ్ళు డార్కురూములో ఏనాటి నుంచో చేస్తున్న పనే అది. లేనిది చేర్చినా, ఉన్నది చెరిపినా మాత్రం అది ఫోటో కాదు, బొమ్మ. బొమ్మ అని చెప్పి పంపండి, అందరికంటే ముందు నేనే మెచ్చుకుంటాను.

కనిపెట్టడానికి ఇంజనీరింగు చదవనక్కర్లేదు. బియ్యంలో రాళ్ళు ఏరే చూపు చాలు. నీడలన్నీ ఒకే వైపు పడ్డాయా? నీళ్ళలోని కొండ పైనున్న కొండలాగే ఉందా? ఆనకట్ట అయితే గేట్లు లెక్కపెట్టండి. అదే చోట వేరొకరు తీసిన ఫోటో పక్కన పెట్టి చూడండి. యంత్రాలు రోజురోజుకీ తెలివిమీరుతున్నాయి, కంటికి దొరక్కపోవచ్చు. అందుకని అన్నిటికన్నా ముందు అడగండి: ఎవరు తీశారు? ఎక్కడ? ఎప్పుడు? జవాబు రాని ఫోటో మన దగ్గరే ఆగిపోవాలి.

ఎండాకాలంలో మా పెన్నలో ఇసుకే కనబడుతుంది. దానికి సిగ్గెందుకు? ఎండినప్పుడు ఎండినట్టే కనబడనివ్వండి. ఎండిందని పదిమందీ నమ్మితేనే కదమ్మా, నీళ్ళు కావాలని అడగగలిగేది!