చెరువు నీట్లో దొరికిన నోబెల్!

కొత్త చీర కొనగానే కొంగుకు కుచ్చులు వేయిస్తాం. అందం కోసమే కాదు, అంచు దారాలు ఊడిపోకుండా ఉండటానికి కూడా. మన ఒంట్లోని కణాల్లోనూ అలాంటి కుచ్చులున్నాయి. తల్లిదండ్రుల లక్షణాలను బిడ్డలకు మోసుకొచ్చే క్రోమోజోముల చివర్లలో ఉంటాయవి. పేరు టెలోమేర్లు. అవి అరిగిపోతే కణం విభజన ఆపేస్తుంది. ఎంతకీ అరగకపోతే... అది క్యాన్సర్ కణమూ కావచ్చు!

ఈ గుట్టు విప్పిన జీవరసాయన శాస్త్రవేత్తే ఎలిజబెత్ బ్లాక్‌బర్న్. అయితే ఆ పని ఆమె ఒక్కతే చేయలేదు. జీఆర్ఈలో స్కోరు తక్కువని చాలా విశ్వవిద్యాలయాలు పక్కన పెట్టేసిన ఓ అమ్మాయి అప్పుడు ఆమె పక్కనే ఉంది.

చీమలే నేస్తాలు

ఆస్ట్రేలియాకు దక్షిణాన ఉన్న దీవి టాస్మానియా. అక్కడి హోబార్ట్ పట్టణంలో 1948 నవంబరు 26న పుట్టింది ఎలిజబెత్. అమ్మానాన్నలిద్దరూ డాక్టర్లు. ఏడుగురు పిల్లల్లో ఆమె రెండోది. చీమల్నీ, సముద్రపు ఒడ్డుకు కొట్టుకొచ్చే జెల్లీఫిష్‌లనీ చేత్తో పట్టుకుని పరిశీలించడమే చిన్నప్పటి ఆట. మేరీ క్యూరీ గురించి ఆమె కూతురు ఈవ్ రాసిన జీవితచరిత్ర చదివాక సైన్సు మీద మోజు మరీ పెరిగింది. ‘చక్కటి పిల్లవి, నీకెందుకమ్మా సైన్సు’ అన్నవాళ్లూ లేకపోలేదు. ఆ మాటలు పట్టించుకోకుండా మెల్‌బోర్న్‌లో బయోకెమిస్ట్రీ చదివింది. 1975లో కేంబ్రిడ్జి నుంచి పీహెచ్‌డీ అందుకుంది. అక్కడ ఆమె గురువు ఫ్రెడ్ శాంగర్... రసాయనశాస్త్రంలో రెండుసార్లు నోబెల్ గెలిచిన ఘనుడు. డీఎన్‌ఏలోని అక్షరాలను చదివే విద్య ఆయన దగ్గరే అబ్బింది.

ఆ తర్వాతి మజిలీ అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం. అక్కడి ప్రొఫెసర్ జోసెఫ్ గాల్ ప్రయోగశాలలో అమ్మాయిలకు ఎప్పుడూ చోటుండేది. ఆ రోజుల్లో అది అరుదు. ఎలిజబెత్ ఎంచుకున్న జీవి టెట్రాహైమినా. చెరువు నీట్లో ఈదులాడే ఏకకణజీవి. మనిషి కణంలో ఉండే క్రోమోజోములు 46. ఈ బుల్లి జీవిలో చిట్టి చిట్టి క్రోమోజోములు వేలల్లో ఉంటాయి. అంటే చివర్లు కూడా వేలల్లోనే! వాటిని పట్టి చూస్తే ఆరు అక్షరాల మాట ఒకటే మళ్లీ మళ్లీ కనిపించింది, జపమాలలో పూసల్లా. 1978లో ఆ సంగతి లోకానికి తెలిసింది.

మార్కులు చూడలేదు...

కణం విభజన చెందిన ప్రతిసారీ డీఎన్‌ఏ చివర కాస్త కాస్త తరిగిపోతుంది. మరి టెట్రాహైమినా తరతరాలుగా ఎలా బతుకుతోంది? తరిగినదాన్ని తిరిగి అతికే ఎంజైమేదో ఉండి ఉండాలన్నది ఎలిజబెత్ అనుమానం. అప్పటికి ఆమె బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ప్రొఫెసర్.

అక్కడికొచ్చింది కేరొల్ గ్రైడర్. ఆమెకు డిస్లెక్సియా. చదవడం, రాయడం కష్టమయ్యే సమస్య అది. డిగ్రీలో మంచి మార్కులే వచ్చినా జీఆర్ఈ స్కోరు దెబ్బతీసింది. ఎన్నో విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు చేస్తే, ఇంటర్వ్యూకు పిలిచినవి రెండే. వాటిలో ఒకటి బర్కిలీ. ఎలిజబెత్‌తో మాట్లాడాక కేరొల్ మరో ఆలోచన పెట్టుకోలేదు. ఉందో లేదో తెలియని ఎంజైమును వెతకడమంటే ఏళ్లు గడిచినా చేతికేమీ దక్కకపోవచ్చు. అయినా సై అంది.

1984 డిసెంబరు 25. ఊరంతా క్రిస్మస్ సంబరాల్లో ఉంది. కేరొల్ మాత్రం ప్రయోగశాలకు వెళ్లి ఎక్స్‌రే ఫిల్మును కడిగి చూసింది. నిచ్చెన మెట్లలా వరుసగా గీతలు! ఆరేసి అక్షరాలు కొత్తగా అతుక్కుంటున్నాయనడానికి అదే సాక్ష్యం. గురుశిష్యులు వెంటనే చాటింపు వేయలేదు. ఎక్కడైనా పొరబడ్డామేమోనని నెలల తరబడి తమను తామే పరీక్షించుకున్నారు. 1985 డిసెంబరులో పరిశోధనాపత్రం వెలువడింది. ఆ ఎంజైము పేరే టెలోమెరేజ్. కొంత ప్రొటీను, కొంత ఆర్‌ఎన్‌ఏ కలిసి తయారైన పనిముట్టు అది. ఆర్‌ఎన్‌ఏ అచ్చులా ఉంటే, ప్రొటీను అక్షరాలు పేరుస్తుంది.

క్యాన్సర్‌కు ఊపిరి

టెలోమెరేజ్ అమృతమా, విషమా? రెండూనూ! 1990లో ఎలిజబెత్ మరో శిష్యుడు గువోలియాంగ్ యు ఆ ఆర్‌ఎన్‌ఏను చెడగొట్టి చూశాడు. చావులేదనుకున్న టెట్రాహైమినా కణాలు ముసలివై చచ్చిపోయాయి. పెద్దవాళ్ల శరీరంలోని చాలా కణాల్లో ఈ ఎంజైము నిద్రపోతూ ఉంటుంది. క్యాన్సర్ కణాలు దాన్ని తట్టి లేపుకొంటాయి. 1994లో వేరే బృందం 101 కణితి ముక్కలను పరీక్షిస్తే 90 ముక్కల్లో టెలోమెరేజ్ పనిచేస్తూ కనిపించింది. అందుకే ‘టెలోమేర్లు పెంచి యౌవనం తెస్తాం’ అంటూ అమ్మే మాత్రలతో జాగ్రత్తగా ఉండాలంటుంది ఎలిజబెత్. కుచ్చులు పెరిగితే కణితులకూ మేలే కదా!

ఆ ఎంజైమును అడ్డుకునే మందు చేతికి రావడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. 2024 జూన్‌లో ఇమెటెల్‌స్టాట్‌కు అమెరికా అనుమతి దొరికింది. ఎముక మజ్జను పాడుచేసే ఒక రకం రక్తవ్యాధిలో, మళ్లీ మళ్లీ రక్తం ఎక్కించాల్సి వచ్చే రోగుల్లో కొందరికి దాన్ని వాడుతున్నారు.

మాట మార్చుకోలేదు

1986లో ఎలిజబెత్‌కు కొడుకు పుట్టాడు. 1990లో ఆమె శాన్‌ఫ్రాన్సిస్కో క్యాంపస్‌కు మారింది, అక్కడ ఒక విభాగానికి అధిపతి అయింది. ఆ తర్వాత అమెరికా అధ్యక్షుడి జీవనైతిక మండలిలో చోటు దక్కింది. మూలకణాల పరిశోధన మీద మండలి నివేదికలు సైన్సును సరిగా చెప్పడంలేదని ఆమె మొహమాటం లేకుండా అభ్యంతరం చెప్పింది. 2004 ఫిబ్రవరిలో పదవి పోయింది. తోటి శాస్త్రవేత్తలు ఎందరో ఆమె పక్షాన నిలబడ్డారు.

2009లో వైద్య నోబెల్ ఆమెనూ, కేరొల్‌నూ, యీస్టు ప్రయోగాల్లో తోడొచ్చిన జాక్ షోస్టాక్‌నూ వరించింది. ఒకే ఏడాది ఇద్దరు మహిళలు వైద్య నోబెల్ పంచుకోవడం అదే మొదటిసారి. ఆ ఇద్దరూ గురుశిష్యులు కావడం మరో విశేషం. అప్పటికి కేరొల్ కూడా సొంత ప్రయోగశాల నడుపుతూ శిష్యుల్ని తయారుచేస్తోంది.

గురువు అనుమానించింది, శిష్యురాలు కనిపెట్టింది. ఘనత ఎవరికి? ఆ లెక్క ఎలిజబెత్ 1985లోనే తేల్చేసింది. ఆ పరిశోధనాపత్రం మీద మొదటి పేరు కేరొల్ గ్రైడర్‌దే. తన పేరు ఆ తర్వాతే.