కాంటా దగ్గర ఆగిపోతున్న ప్రణాళిక

దంతాలపల్లి చుట్టుపక్కల ఊళ్లలో వరి కోతలు మొదలయ్యాయంటే రైతుకు ఒక కన్ను మబ్బు మీద, మరో కన్ను కొనుగోలు కేంద్రం మీద ఉంటుంది. 2025-26కు ఏ గ్రేడు ధాన్యం మద్దతు ధర క్వింటాకు 2,389 రూపాయలు. సన్న వడ్లకు రాష్ట్రం 500 రూపాయల బోనస్ ప్రకటించింది. ధర ఉంది, కేంద్రం ఉంది. అయినా వడ్లు రోజుల తరబడి కుప్పలుగానే ఎందుకు ఉంటున్నాయి?

కొనుగోలు ఒక్కరి చేతిలో పని కాదు. డబ్బు చెల్లించేది పౌర సరఫరాల సంస్థ. ఊళ్లో కాంటా పెట్టేది ఐకేపీ మహిళా సంఘాలు, సహకార సంఘాలు. తరలించేది లారీ కాంట్రాక్టరు. దించుకునేది మిల్లరు. గోనె సంచులు రాకపోతే కాంటా సాగదు. మిల్లులో పాత ధాన్యం కదలకపోతే లారీ అక్కడే నిలిచిపోతుంది. లారీ తిరిగి రాకపోతే తూచిన బస్తాలు కేంద్రంలోనే ఉంటాయి. మిల్లు దించుకున్నాక వివరాలు ఆన్‌లైన్‌లో ఎక్కితేనే రైతు ఖాతాలో డబ్బు పడుతుంది. 2020 లాక్‌డౌన్‌లో బెంగాల్ జనపనార మిల్లులు మూతపడితే ఇక్కడ సంచులకు కటకట వచ్చింది.

ఆలస్యం ఎవరిదైనా నష్టం రైతుదే. తేమ 17 శాతం మించితే కొనరు. ఒక్క వాన పడితే మళ్లీ ఆరబోయాలి. తరుగు పేరుతో 40 కిలోల బస్తాకు కిలో తీసినా క్వింటాకు దాదాపు 60 రూపాయలు పోయినట్టే. విసిగిన కౌలు రైతు తక్కువ ధరకే ప్రైవేటు వ్యాపారికి అమ్ముకుంటాడు.

ఐగుప్తులో యోసేపు కరువు వస్తుందని చెప్పి ఊరుకోలేదు. సమృద్ధిగా పండిన ఏడేళ్లలోనే అధికారులను పెట్టించి, ఏ పట్టణం చుట్టూ పండిన పంటను ఆ పట్టణంలోనే నిల్వ చేయించాడు. కొనుగోలు ప్రణాళికకు కావలసింది ఆ ముందుచూపే. మిల్లుల్లో ఖాళీ ఎంత, సంచులు ఎన్ని, లారీలు ఎన్ని అన్నది కోతలకు ముందే తేల్చి గ్రామసభలో చదివి వినిపించాలి. ఏ రోజు తూచారు, ఏ రోజు పంపారు, ఏ రోజు డబ్బు వేశారు అన్నది కేంద్రం దగ్గర బోర్డు మీద రాయాలి.

మన సంఘాల్లో రైతులున్నారు, కాంటా పెట్టే అక్కచెల్లెళ్లున్నారు, బస్తాలు మోసే హమాలీలున్నారు. కేంద్రం దగ్గర ఒకరినొకరు తిట్టుకుంటే లారీ రాదు. పని ఎక్కడ ఆగిందో కలిసి కనుక్కుందాం. తూకం రసీదు చేతికి తీసుకుని, ఆ ఆలస్యానికి బాధ్యులైన అధికారినే అడుగుదాం.